మేటర్ రాని ఫ్లెక్స్

ఫ్లెక్స్ డిజైనింగులోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ, వద్దామా వద్దా అని ఊగుతున్న చెల్లెళ్లకీ నమస్కారం. నేను ఈ వృత్తి నుంచి ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యేను. శాలువా కప్పలేదు, సన్మానం జరగలేదు. ఒకరోజు పొద్దున్న కుడిచేతి మణికట్టు ఇంక మౌసు పట్టుకోనంది. డాక్టరు గారు దానికో పొడవాటి పేరు చెప్పి, పని మార్చుకోమన్నారు. ఇప్పుడు తాటిపాకలో మా బావగారి దగ్గర లారీలకి కొబ్బరికాయలు ఎక్కించే పని చూస్తున్నాను. కొబ్బరికాయకి బిరుదులు అక్కర్లేదు. ముఖం తెల్లగా చెయ్యమని కూడా అడగదు. ప్రశాంతంగా ఉంది.

అయినా అనుభవం అంటూ ఒకటి మిగిలిపోయింది కాబట్టి, అందులోంచి ఒక్కరోజు సంగతి చెప్తాను. పనికొస్తే తీసుకోండి.

మా షాపు రాజోలు సెంటరుకి కాస్త ఇవతల. మనుషులం ముగ్గురం. ఓనరు గారికి ఏ పార్టీ మీదా ద్వేషం లేదు. ఎన్నికలప్పుడు అన్ని పార్టీల వాళ్లనీ ఒకే ఫ్లెక్సు రోలు మీద పక్కపక్కన పడుకోబెట్టేవారు. బయట కొట్టుకునేవాళ్లు మా మిషను మీద మాత్రం అన్నదమ్ముల్లా ఉండేవారు. రెండోవాణ్ణి నేను, డిజైనరుని. మూడో ఆయన మిషను ఆపరేటరు. నేను బాబాయ్ గారూ అని పిలిచేవాణ్ణి. యాభై దాటిన మనిషి, సన్నగా, గోళ్లలో ఎప్పుడూ నాలుగు రంగులూ ఉండేవి. ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకెళ్లినా గోళ్లు మాత్రం షాపువే. ఆయన మాటల్లో సగం ‘ఆయ్’. మిగతా సగం ఆ ‘ఆయ్’ అనడానికి ముందు తీసుకునే టైము.

ఇక్కడ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మొదటిది. మా సెంటర్లో బతికున్నవాళ్లు అడ్డం, పోయినవాళ్లు నిలువు. ఇది ఎక్కడా రాసి లేదు కానీ అందరికీ తెలుసు. పుట్టినరోజుకైనా ఓణీల ఫంక్షనుకైనా అడ్డంగా వెడల్పు ఫ్లెక్సు కావాలి, ఎందుకంటే కింద శుభాకాంక్షలు చెప్పే తలకాయలన్నీ పట్టాలి. మేనమామ తల చిన్నదైతే సంబంధాలు చెడతాయి. పోయినవాళ్లు ఒంటరిగా పోతారు కాబట్టి, వాళ్లకి నాలుగు బై ఆరు నిలువు సరిపోతుంది.

రెండోది. ఫ్లెక్సు మీద రాసే అక్షరాలని మేము మేటర్ అంటాం. పుట్టినరోజు వాళ్లు మేటర్ ముందు పంపుతారు. బిరుదులు వారం ముందే సిద్ధంగా ఉంటాయి, ఫోటో కోసమే వెతుక్కుంటారు. చావింటి నుంచి మాత్రం ఫోటో ముందొస్తుంది. పెద్దకర్మ ఏ రోజో, ‘శివైక్యం’ అనాలో ‘ప్రభువు పిలుపందుకున్న’ అనాలో, ఎవరి పేరు ముందుండాలో ఆ ఇంట్లో ఇంకా తేలదు. అందుకని వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చి, దాని కింద ‘అర్జెంటు, మేటర్ తర్వాత’ అని ఉంటే, నేను అడక్కుండానే దండ తీసి పక్కన పెట్టుకునేవాణ్ణి. కంప్యూటర్లో దండే లెండి.

ఇంక ఆ వారం సంగతి. సరిహద్దులో కాల్పులు మొదలయ్యేయి. టీవీల్లో యాంకర్లు సాయంత్రానికల్లా శత్రువు పట్టణాలు రెండు మూడు పట్టేసుకుంటున్నారు. పక్క టిఫిన్ కొట్టాయన ఇడ్లీ వాయి దింపుతూనే ఏ విమానానికి ఎంత శక్తో చెప్పేవాడు. మాకు మాత్రం సీజను. సైన్యంలో కుర్రాడున్న ప్రతి ఊరూ ఫ్లెక్సు అడిగింది. మామూలుగా సింహం బొమ్మ నాయకుల వెనకే వేసేవాణ్ణి. ఆ వారం సింహాలన్నీ జవాన్ల వెనక్కి బదిలీ అయ్యేయి. ట్యాంకులు, విమానాలు, మంటలు నెట్లోంచి దింపి దింపి నాకే భయమేసింది. ఒక ఊరివాళ్లు జవాను కంటే పంచాయతీ ప్రెసిడెంటు గారి ఫోటో పెద్దదిగా ఉండాలన్నారు. సరిహద్దుకి ఆయన వెళ్లేరా అని అడిగితే, బండి మీద పాలకొల్లు వరకూ వెళ్లొస్తుంటారన్నారు.

ఈ సందడిలో మా బాబాయ్ గారి కొడుకు కూడా సైన్యంలోనే ఉన్నాడన్న సంగతి షాపులో ఎవరూ ఎత్తలేదు. ఒక్కడే కొడుకు. చేరి మూడేళ్లు. ఎక్కడో పైన, చలి ప్రదేశంలో. ఎక్కడని అడిగితే బాబాయ్ గారు పైకి చూపించేవారు, అక్కడ మా ఫ్యాను ఉండేది. కాల్పులు మొదలైన దగ్గర్నుంచి ఆ కుర్రాడి ఫోన్ పనిచెయ్యడం లేదు. ఓనరు గారు ఒకసారి ఉండబట్టలేక, ఏమైనా తెలిసిందా అని అడిగేరు. బాబాయ్ గారు ఇంకు సీసా వంచుతూ, “స్విచ్చాఫ్ అండి. మా వాడికి ఛార్జింగు పెట్టుకునే అలవాటు చిన్నప్పట్నుంచీ లేదు” అన్నారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం పక్క ఊళ్ల పిల్లల ముఖాలు మిషను మీంచి గీత గీతగా దిగుతుంటే నిలబడి చూసేవారు. మామూలుగా రోలు పెట్టి టీకి వెళ్లే మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం ముందర, నా ఫోన్‌కి తెలియని నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. యూనిఫాంలో కుర్రాడు, నేనెప్పుడూ చూడని ముఖం. కింద మెసేజి: ‘అన్నా అర్జెంటు. నాలుగు బై ఆరు నిలువు. మేటర్ తర్వాత పంపుతాం.’

నాకు ఏమీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, చేతికి దండే తట్టింది. ఫోటో తెరిచి, వెనకున్న గోడ చెరిపేసి, భుజాలు సరిచేస్తున్నాను. తర్వాతి ఫైలు తీసుకోవడానికి బాబాయ్ గారు నా వెనక్కి వచ్చేరు. అక్కడే నిలబడిపోయేరు. ఆయన టైము తీసుకునే మనిషే కాబట్టి నేను పట్టించుకోలేదు.

“అది మా అబ్బాయి,” అన్నారు.

నేను చెయ్యి తీసేసేను. తెర మీద కుర్రాడి పక్కన దండ ఇంకా వేలాడుతోంది, మెడలో పడలేదు, పక్కనే. తీసెయ్యడానికి మౌసు ముట్టుకుంటే, వేస్తున్నానని ఆయన అనుకుంటారేమోనని ఒక క్షణం ఆగేను. తర్వాత కంప్యూటరే ఆపేసేను. ఆ తొందరలో, తెరిచి ఉన్న ఓణీల ఫంక్షను ఫైలు ఒకటి కూడా సేవ్ కాకుండా పోయింది. ఇలాంటప్పుడు కూడా పని పోయినందుకు బాధేస్తుంది, ఏం చేస్తాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నిలువా?”

“ఆయ్,” అన్నాను. ఆయన మాట నా నోట్లోంచి వచ్చింది.

“మేటరు?”

“తర్వాత పంపుతామన్నారండి.”

ఓనరు గారు లేచి వచ్చేరు. నేను ఆ నంబరుకి ఫోన్ చేసేను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసేను. మూడోసారి కట్ చేసేరు. చావిళ్లలో అలాగే కట్ చేస్తారని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. “అలాంటిదే అయితే మిలిటరీ వాళ్లు ముందు మీకే చెప్తారు కదండి,” అన్నాను. “నా ఫోన్ మిషను పక్కన మోగితే వినపడదు, ఇంటికే వెళ్లుంటారు,” అన్నారాయన. జేబులోంచి తీసి చూస్తే మిస్‌డ్ కాల్స్ ఏమీ లేవు. లేకపోవడం మంచిదో కాదో మా ముగ్గురికీ తేలలేదు.

ఇంట్లో పిన్నిగారికి ఒకసారి ఫోన్ చెయ్యమని ఓనరు గారు అన్నారు.

“ఆవిడకి తెలిసుంటే ఆవిడే చేస్తుంది. తెలియకపోతే నా గొంతు విని తెలుసుకుంటుంది,” అన్నారు బాబాయ్ గారు. “మేటర్ రానివ్వండి.”

వెళ్లి మళ్లీ మిషను ముందు నిలబడ్డారు. అప్పుడు రోలు మీద ఉన్నది మామిడికుదురు వాళ్ల ఓణీల ఫంక్షను ఫ్లెక్సు, అంతకుముందే ఇచ్చిన ఇంకో ఫైలు. ఆయన చేతిలో ఎప్పుడూ తప్పు జరగదు. ఆ రోజు ఒక రంగు అయిపోయింది చూసుకోలేదు. అమ్మాయి బాగానే వచ్చింది, మేనమామ మాత్రం పచ్చగా, పాచి పట్టినట్టు వచ్చేడు. తీసుకెళ్లడానికి వచ్చినాయన ఫ్లెక్సు విప్పి చూసి, “ఇదేంటండి మా బావమరిది ఇలాగున్నాడు?” అన్నాడు. ఓనరు గారు ఆయన్ని బయటికి తీసుకెళ్లి ఏం చెప్పేరో తెలియదు. ఆ వచ్చినాయన లోపలికి తొంగి బాబాయ్ గార్ని చూసి, “పర్లేదండి, ఆడు మామూలుగా కూడా అలాగే ఉంటాడు” అని పచ్చ మేనమామని చుట్టుకుని వెళ్లిపోయేడు. మా వైపు మనుషులకి ఈ మాత్రం మర్యాద ఉంది. ఫంక్షన్లో ఎన్ని మాటలు పడ్డాడో పాపం.

మేటర్ రాలేదు. కాసేపటికి మిషను ఆగింది. బాబాయ్ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, “బండి తియ్యి బాబూ” అన్నారు.

వాళ్ల ఊరు, నగరం అనే పల్లె దాటేక, కాలవ పక్కన. దారంతా ఆయన వెనక కూర్చుని రెండు ప్రశ్నలు వేసేరు. ఒకటి, ఫోటోలో టోపీ ఉందా లేదా అని. ఉందన్నాను. ఇంకాసేపటికి, ఎన్ని కాపీలు అడిగేరని. ఒకటేనండి అన్నాను. “ఒకటే అయితే…” అని ఆగిపోయేరు. ఒకటే అయితే ఏమిటో నేనూ ఆలోచించేను. చావు ఫ్లెక్సులు రెండు కొట్టిస్తారు, ఇంటి దగ్గర ఒకటి, సెంటర్లో ఒకటి. మరీ జవాను అయితే ఊరంతా కట్టాలి. ఒకటే అంటే మంచి గుర్తే. లేకపోతే వీళ్ల ఊళ్లో పిసినారులైనా అయ్యుండాలి. ఈ రెండో మాట పైకి అనలేదు. నాకు ఎక్కడ నోరు మూసుకోవాలో తెలుసని ఆ ఒక్కసారే రుజువైంది.

వాళ్ల వీధి మలుపు తిరగ్గానే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి బండి ఆపించేరు. దిగలేదు. ఇంటి గేటు కేసి చూస్తున్నారు. నాకు అర్థమై నేనూ అటే చూసేను. చెప్పులు. చావిల్లు అయితే గేటు బయట చెప్పులు గుట్టగా ఉండాలి. అక్కడున్నవి నాలుగు జతలు. అందులో ఒకటి ఆడవాళ్లది.

“పద,” అన్నారు.

లోపల అరుగు మీద పిన్నిగారు కూర్చుని మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తున్నారు, ఆవకాయకి. పక్కన ఆ ఊరి కుర్రాళ్లు ముగ్గురు, ఒక ఫోన్ చుట్టూ తలలు పెట్టి కూర్చున్నారు. మమ్మల్ని చూడగానే అందులో పెద్దవాడు లేచి, ఫోన్ వెనక దాచుకున్నాడు.

“అప్పుడే వచ్చేసేరేంటి?” అన్నారు పిన్నిగారు.

బాబాయ్ గారు అరుగు దగ్గరికి వెళ్లేరు. ఆవిడ ముఖం చూసేరు, ముక్కలు చూసేరు. మెట్టు మీద కూర్చుని, “మంచినీళ్లియ్యి” అన్నారు. చావింట్లో ఎవరూ ఆవకాయ పెట్టరు. 

కథ ఏమిటంటే, ఏమీ లేదు. పిన్నిగారే కొడుక్కి ఫ్లెక్సు వేయించాలనుకున్నారు. మొగుడికి చెప్తే వద్దంటారని కుర్రాళ్లకి పురమాయించేరు. ఆయన పనిచేసే షాపుకే ఆయనకి తెలియకుండా ఆర్డరివ్వడం ఎలాగని వాళ్లు తెలివిగా కొత్త నంబరు నుంచి నాకు పంపేరు. నేను ఫోన్ చేస్తే బాబాయ్ గారేమోనని ఎత్తలేదు. మూడోసారి భయపడి కట్ చేసేరు.

“మరి నిలువు ఎందుకు పెట్టేవురా?” అని నేను పెద్దవాణ్ణి అడిగేను.

“మా తాతగారి ఫ్లెక్సు ఫ్రేము ఖాళీగా ఉందన్నా. పెద్దకర్మ అయిపోయింది కదా, వేస్టవుతుందని…”

నేను బాబాయ్ గారి ముఖం చూడలేదు. ఫ్రేము చెక్క మంచిదేనా అని అడగాలనిపించింది కూడా. ఆపుకున్నాను.

పిన్నిగారికి అప్పటికి తెలిసింది, ఏమైందో. ముక్కలు తుడవడం ఆపేరు. అయ్యో అనలేదు, క్షమించమనీ అనలేదు. “మీరు భయపడతారని నాకేం తెలుసు? ఇన్ని రోజుల్నుంచీ ఒక్కసారైనా భయపడ్డట్టు కనబడ్డారా మీరు?” అన్నారు.

“కనబడితే నువ్వు భయపడతావని,” అన్నారు ఆయన.

కుర్రాళ్లు నేల చూస్తున్నారు. నేను బండి తాళం చూస్తున్నాను. ఇలాంటి చోట మూడో మనిషికి పనేమీ ఉండదు.

“ఇన్నేళ్లు అందరి పిల్లల్నీ అచ్చేసేరు,” అన్నారు పిన్నిగారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, ఉప్పు సరిపోయిందా అన్నట్టు. “మనవాడిదొక్కటీ లేదు. పోయాక వేసేవాళ్లు ఊరంతా ఉంటారు. ఉండగా వేసేది నేనే కదా. రేపెలా ఉంటుందో తెలీదు, ఇవాళే వేసేద్దామనుకున్నాను.”

బాబాయ్ గారు నీళ్ల గ్లాసు కింద పెట్టి, “అడ్డంగా వెయ్యి” అన్నారు నాతో.

అడ్డం అయితే మేటర్ ఎక్కువ కావాలి. పొద్దుట్నుంచీ ఆలస్యమైంది ఆ మేటర్ దగ్గరే. కుర్రాళ్లు మేటర్ రాయమని ఫోన్నే, అందులోని ఏఐని, అడిగేరట. అది ‘హిమశిఖరాల వీరపుత్రుడా’ అని మొదలెట్టి మూడు పేజీలు రాసి ఇచ్చింది. పిన్నిగారు మొదటి లైను విని, మా వాడికి చలి పడదు, హిమం మాట తియ్యండి అన్నారు. వీరుడు వద్దన్నారు. సింహం వద్దన్నారు. నేను వెనక ట్యాంకులు వేస్తానంటే, వాడి వెనక అవన్నీ ఎందుకు, కొబ్బరిచెట్లు వెయ్యమన్నారు. ఇంకేం రాయాలమ్మా అని పెద్దవాడు నీరసంగా అడిగేడు.

“వాడి పేరు రాయండి. ఊరు పేరు రాయండి. కింద ‘డ్యూటీలో ఉన్నాడు’ అని రాయండి. చాలు.”

నా సర్వీసులో అంత చిన్న మేటర్ ఇంకెవరూ ఇవ్వలేదు. సగం ఫ్లెక్సు ఖాళీగా మిగిలిపోతుంది. మా వ్యాపారంలో ఖాళీ అంటే డబ్బులు తీసుకుని మోసం చేసినట్టు. నేను ఆ రోజే తిరిగి వెళ్లి కొబ్బరిచెట్లు నింపేను, పక్కన కాలవ కూడా వేసేను, ఎంత నింపినా ఖాళీ పోలేదు. చివరికి కుర్రాళ్లు వాళ్ల తలకాయలు కింద వేసుకుంటామని పంపేరు. ముగ్గురనుకున్నాను, పదిహేడు మంది వచ్చేరు. పిన్నిగారు దానికి మాత్రం ఒప్పుకున్నారు, వాడితో ఆడుకున్నవాళ్లే కదా అని. బాబాయ్ గారు మిషను వేసి, అబ్బాయి ముఖం గీత గీతగా దిగేదాకా కదల్లేదు. నాలుగు రంగులూ ముందే నింపుకున్నారు. ఎవరూ పచ్చగా రాలేదు.

నాలుగైదు రోజులకి కాల్పులు ఆగేయి. టీవీ వాళ్లు నిరాశపడ్డారు. మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ గారి ఫోన్ మోగింది. మిషను చప్పుడులో ఆయనకి వినపడలేదు, నేనే పరిగెత్తి ఇచ్చేను. ఆయన అటు తిరిగి మాట్లాడేరు. నాకు వినపడింది ఒక్కటే, “ఛార్జింగు పెట్టుకో.”

వానలు పట్టేక ఆ కుర్రాడు సెలవు మీద వచ్చేడు. ఒకరోజు వాళ్ల నాన్నగారి క్యారేజీ పట్టుకుని షాపుకొచ్చేడు. నాకంటే నాలుగేళ్లు చిన్న, నాకంటే పొడవు. తన ఫ్లెక్సు గురించి అడిగేడు. కింద పదిహేడు మందిలో ఇద్దరు తనకి ఇప్పటికీ డబ్బులివ్వాలన్నాడు. నవ్వుకున్నాం. లోపల మిషను తిరుగుతోందా అని ఒకసారి చెవి పెట్టి విని, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

“అన్నా, ఆ నిలువుది కూడా ఒకటి చేసి ఉంచు.”

నేను వాణ్ణి చూసేను. సరదాకి అనడం లేదు. బాధగానూ అనడం లేదు. టైరు మార్చమన్నట్టు చెప్తున్నాడు.

“మేటరు?” అన్నాను. అలవాటు.

“మేటర్ తర్వాత ఎవరో ఒకరు పంపుతార్లే. నాన్న చేత మాత్రం వేయించకు. బయట షాపులో వేయించు.”

“బయట షాపంటే మా ఓనరు గారు ఒప్పుకోరు. బేరం బయటికి పోతుందంటారు.”

వాడు పగలబడి నవ్వేడు. లోపల మిషను ఆగింది. బాబాయ్ గారు బయటికొచ్చి ఏంటి నవ్వులన్నారు. ఏమీ లేదండి, ఓనరు గారి గురించి అన్నాను. ఆయన ‘ఆయ్’ అని క్యారేజీ విప్పుకున్నారు.

వెళ్లేటప్పుడు వాడు గుమ్మం దగ్గర ఆగి నాకేసి చూసేడు. చేస్తాలే అన్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పనిలో ప్రతి ఆర్డరూ అర్జెంటే. అయిందా అన్నా, ఇంకా కాలేదా అన్నా అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. మీకు చెప్పాల్సిన సలహా ఒక్కటే: ఎంత అర్జెంటైనా మేటర్ రాకుండా ఫోటో ముట్టుకోకండి. నేను ఒప్పుకుని చెయ్యకుండా వదిలేసిన ఆర్డరు ఆ నిలువుది ఒక్కటే. దాని గురించి ఇంతవరకూ ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆ కుర్రాడు మళ్లీ పైకి వెళ్లేడు, డ్యూటీలో ఉన్నాడు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ కాయలు ఎక్కించడం ఆపి ఎత్తుతాను. కొబ్బరికాయల గురించే అడుగుతారు.